తలకిందుల పుస్తకం

ఉద్యోగంలో చేరిన పద్నాలుగో నెలలో అరవై ఒక్క మంది పిల్లల చేత నిజంగా చదివించాడు ఆయన. మొదటి గెలుపు అదీ. ఊరికే ఒళ్ళో వచ్చి పడ్డది కాదు. నాలుగుసార్లు తిరిగి, నానా మాటలూ పడి, ముక్కుపిండి రాబట్టుకున్నది.

అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్ళు. బళ్ళ తనిఖీ అధికారి అని కాగితం మీద గొప్పగానే ఉంటుంది గాని, ఆస్తల్లా ఒక గొడుగు, ఒక తోలుసంచీ, అరిగిన చెప్పుల జత. పుట్టిన ఇల్లు చూస్తే వానాకాలం చదువుల ఇల్లు. తాతది వేలిముద్ర. తండ్రి సంతకం దాకా వచ్చి అక్కడ ఆగిపోయాడు. ఈయన ఊరిబళ్ళో పగిలిన పలక మీద దిద్ది, పక్కూరి బడికి నడిచి నడిచి, చివరికి బళ్ళని చూసి మంచీ చెడూ రాసే అధికారి అయ్యాడు. ఆ వంశంలో కుర్చీ ఎక్కిన మొదటివాడు. ఇది ఒకసారి చెప్పి ఊరుకునే మాట కాదు, పదిసార్లు చెప్పుకోవలసిన మాట.

మొదట ఆయన వంతుకు వచ్చింది తొంభై మంది పిల్లలున్న పెద్ద బడి. హెడ్మాస్టరు పలుకుబడి గలవాడు, బావమరిది పై ఆఫీసులో ఉన్నాడు. ఏ పిల్లని లేపినా పాఠం గడగడా వచ్చేస్తోంది, కొళాయి తిప్పినట్టు. అంత ధారాళం ఆయనకి నచ్చలేదు. ఇంతలో ఒక కుర్రాడు పుట చివరికి వచ్చి, తిప్పడం మరిచిపోయి, అవతలి పుటలో ఉన్నది కూడా చదివేశాడు! ఆయన పక్క పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఏదో చూసినట్టు చూసి, తలకిందులు చేసి తిరిగి ఇచ్చాడు. ఆ పిల్ల దాన్ని అలాగే పట్టుకుని గడగడా చదివేసింది. తొంభై మందిలో ఎనభై నలుగురిది అదే తంతు. పాఠాలన్నీ కంఠతా, అక్షరం ముక్క రాదు.

"నిన్నగాక మొన్న గుడ్డులోంచి బయటపడ్డావు, నా బడికే ఎసరు పెడతావా?" అన్నాడు హెడ్మాస్టరు. రెండోసారి వెళితే మంచినీళ్ళు ఇవ్వలేదు. మూడోసారి కుర్చీ తీసేశారు. నాలుగు గంటలు నిలబడే తనిఖీ చేశాడు. అయినా తప్పు రాసి చేతులు దులుపుకునే రకం కాదాయన. నివేదిక కాగితంలో చిట్టచివర ఒక గడి ఉంటుంది, 'పాఠశాలకు కావలసినవి' అని. మిగతా అధికారులు అందులో 'మరింత శ్రద్ధ' అని గిలికి ఇంటికి పోయేవాళ్ళు. ఈయన రాశాడు: 'అక్షరాలు నేర్పగల పంతుళ్ళు ఇద్దరు. పలకలు తొంభై. గడువు ఒక ఏడాది.' రాసి ఊరుకోలేదు, పై ఆఫీసు గడప అరిగేలా తిరిగి ఆ మూడూ సాధించాడు. పద్నాలుగో నెలలో నాలుగోసారి వెళ్ళి పుస్తకం తిరగేసి ఇస్తే, ముందు వరసలో ఒక గడుగ్గాయి దాన్ని సరిగా తిప్పుకుని, "చూసుకుని ఇవ్వొద్దా అండీ, తలకిందులుగా ఇచ్చారు" అన్నాడు. బడంతా గొల్లుమంది. అరవై ఒక్క మంది అలాగే తిప్పుకుని, కూడబలుక్కుంటూ, తడుముకుంటూ, తప్పులతో చదివారు. అంత తియ్యటి తప్పులు ఆయన మళ్ళీ వినలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళ పైమాట. చెప్పుకోవాలంటే చాలా ఉంది, మనం చెప్పుకోకపోతే పరాయివాళ్ళు చెబుతారా? నాలుగు వందల పద్దెనిమిది బళ్ళు చూశాడు. ఆయన ఆఖరి గడిలో రాసిన రాతతో తొంభై ఆరు బళ్ళకి కప్పులు పడ్డాయి. నూట పదకొండు బళ్ళలో ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్లు వచ్చాయి. ఒక బళ్ళో నల్లబల్ల కిటికీకి ఎదురుగా ఉండి, వెలుతురు పడి మెరిసి, వెనక వరసలకి ఏమీ కనబడేది కాదు. ఆ సంగతి అంతకు ముందు వచ్చిన ఏడుగురు అధికారుల్లో ఒక్కడికీ తట్టలేదు. ఈయన వెనక వరసలో పిల్లల పక్కన కూర్చుని చూశాడు గనక తట్టింది. తానే సుత్తి పట్టి బల్లని అవతలి గోడకి బిగించాడు. మరుసటేడు ఆ బళ్ళో గట్టెక్కినవాళ్ళు రెట్టింపు. తనిఖీ అంటే తప్పులేరడమే గదా అని ఎవరైనా వెటకారం చేస్తే ఆయన ఒకటే అనేవాడు: "నాడి చూసి, మందు రాయకుండా లేచిపోయేవాణ్ణి వైద్యుడంటారా?"

పుస్తకం తిరగేసే పరీక్ష ఆయన పేరు మీదే చలామణీ అయింది. పంతుళ్ళు చాటుగా ఆయన్ని "తలకిందులాయన" అనేవాళ్ళు. ఆయన బస్సు దిగాడంటే మూడు ఊళ్ళ అవతల కూడా పిల్లలు పుస్తకం ఎటు పట్టుకున్నారో చూసుకునేవాళ్ళట. ఆ పేరుకి ఆయన కోపం తెచ్చుకోలేదు, ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఇన్ని చేసిన మనిషిని ఒక వేలు పట్టుకుని వదల్లేదు.

దెయ్యం పట్టినవాళ్ళ గురించి విన్నాం, పదవి పట్టినవాళ్ళని చూశాం. ఈయన్ని పట్టుకున్నది ఒక తొమ్మిదేళ్ళ పిల్ల చూపుడువేలు. సన్నటిది, గోటి అంచున సుద్ద తెలుపు. అది కుడి నుంచి ఎడమకి జరిగేది. భోజనానికి కూర్చుంటే బల్లమీది గుడ్డ మీద, కుడి నుంచి ఎడమకి. బస్సులో తడి పట్టిన అద్దం మీద, కుడి నుంచి ఎడమకి. గడ్డం గీసుకుంటుంటే చెంపమీది నురగలో, కుడి నుంచి ఎడమకి. పట్టపగలే. వెంట ఒక గొంతు, ఎత్తూ పల్లం లేనిది, భయమన్నది ఎరగనిది: "తర్వాతి పుట చదవనా అండీ?"

మొదట్లో ఏడాదికోసారి వచ్చేది. పోను పోను నెలకోసారి. పదవీ విరమణ ఆరు నెలలుందనగా రోజూ.

"ఏమిటలా గుడ్డకేసి చూస్తారు? మరకేమైనా ఉందా?" అంది భార్య ఒకరోజు, అన్నం వడ్డిస్తూ.

"లేదు."

"లేని మరకని అంతసేపు చూసేవాళ్ళని మిమ్మల్నే చూశాను. బళ్ళయిపోయాయి, ఇక నా వంటిల్లు తనిఖీ చేస్తున్నారేమో అనుకున్నా."

ఆయన నవ్వలేదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ జోకుకి నవ్వకపోవడం అదే మొదలు. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పాడు.

పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. రైలు దిగి బస్సెక్కి, బస్సు దిగి పడవ మీద రేవు దాటి, అక్కణ్ణుంచి రెండు గంటలు నడిస్తే ఒక చిన్న బడి. ఒకటే గది, ఒకతే పంతులమ్మ, ముప్పై ఇద్దరు పిల్లలు. గది అద్దంలా ఉంది. ప్రతి పిల్ల ముందూ ఒక పుస్తకం. ఇంత మూలన ఇన్ని పుస్తకాలా అని ముచ్చటేసి, 'పుస్తకాలు సరిపడా ఉన్నవి' అని రాసుకున్నాడు.

తర్వాత తన పరీక్ష మొదలుపెట్టాడు. మొదటి పిల్లాడికి పుస్తకం తిరగేసి ఇస్తే వాడు దాన్ని సగమే తిప్పాడు. అడ్డంగా పెట్టుకుని, మెడ వంచకుండా చదవసాగాడు. పుస్తకం ఎటు పట్టుకోవాలో కూడా తెలియదే అని ఆయన పెదవి విరిచాడు. రెండో పిల్ల అవతలి పక్కకి అడ్డంగా తిప్పింది. ఆయనకి అది ఎగతాళిలా తోచింది. మూడోది ఆ పిల్ల. అసలు తిప్పనే లేదు. తలకిందులుగానే ముందు పెట్టుకుని, వేలు ఆనించి, తొణక్కుండా చదివింది. వాన వెలిసిందనీ, పిట్ట రెక్కలు దులుపుకుందనీ పాఠం. ఆయన పిల్ల వెనక నిలబడి భుజం మీంచి చూస్తున్నాడు. వేలు కుడి నుంచి ఎడమకి పోయింది. పుట అడుగు నుంచి పైకి ఎక్కింది. అయిపోయాక పిల్ల వెనక్కి తిరిగి, తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. అధికారిని అలా చూసిన పిల్ల ఏ బళ్ళోనూ లేదు.

"తర్వాతి పుట చదవనా అండీ?"

"అక్కర్లేదు, కూర్చో."

పంతులమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "అయ్యా, మా పిల్లలు కూర్చునే తీరు..."

"నేను అడిగినప్పుడు చెబుదురుగాని."

తనిఖీ జరుగుతుండగా పంతులు నోరు విప్పకూడదన్నది ఆయన నియమం. పెద్ద బడికీ అదే, చిన్న బడికీ అదే. పంతులమ్మ పుస్తకాలకేసి ఒకసారి, గుమ్మంకేసి ఒకసారి చూసి, అక్కడే నిలబడిపోయింది. ఆయన మళ్ళీ అడగలేదు. ముగ్గుర్ని చూసింది చాలనుకుని నాలుగో పిల్లని లేపనూ లేదు. పడవకి వేళవుతోంది.

రేవు ఒడ్డున రాయిమీద కూర్చుని నివేదిక రాశాడు. ఆఖరి గడి దగ్గరికి వచ్చేసరికి పడవవాడు కేకేశాడు. చదువు చెప్పకుండా మోసం చేసే బడికి ఏం కావాలని రాస్తాం అనుకున్నాడు. నాలుగు వందల పద్దెనిమిది బళ్ళ నివేదికల్లో ఆ ఒక్కదానిలోనే, ఆ గడిలో ఒక అడ్డగీత గీశాడు.

ఆరు నెలల్లో ఆ బడి మూసేశారు. పంతులమ్మని ఉద్యోగంలోంచి తీసేశారు. పిల్లల్ని రేవు అవతలి బడికి పొమ్మన్నారు. ఆయన రాతతో మూతపడ్డ బడి అదొక్కటే.

"చదువు రాని బడి మూతపడితే మంచిదే గదా, మరి మీకెందుకు బాధ?" అంది భార్య.

"నేనూ అదే చెప్పుకున్నాను. వేలు వినడం లేదు."

నిజానికి ఆయనకి ఒక సందేహం ఉండేది. కంఠతా వల్లించే పిల్ల వేలిని ఊరికే ఎడమ నుంచి కుడికి పోనిస్తుంది గాని, పనిగట్టుకుని ఎదురు ఎందుకు నడుపుతుంది? ఆలోచన అక్కడి దాకా వచ్చి, వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కునేది.

ఆ ఏడు ఆయన చేత ఒక చిన్న పుస్తకం రాయించారు, కొత్తగా చేరే తనిఖీ అధికారులకి పనికొచ్చేలా. ఆగస్టు ఇరవై తొమ్మిదిన సన్మానం, ఆ సభలోనే పుస్తకం పంపకం. ముప్పై ఒకటి సాయంత్రంతో ఉద్యోగం సరి. ఆగస్టు మొదటి వారంలో ఆయన రాతప్రతి చంకన పెట్టుకుని అచ్చుఖానాకి వెళ్ళాడు.

సందు చివర పొడుగాటి గది. సిరా వాసన, కిరసనాయిలు వాసన, గోడల పొడుగునా అరల్లో సీసం అక్షరాలు. బల్లకి అవతల అక్షరాలు పేర్చే అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి, మోచేతుల దాకా నలుపు. 

"మీ చేతిరాత ఈ అమ్మాయికి తెలిస్తే చాలండీ, తర్వాత తప్పులు దిద్దే తలనొప్పి సగం తగ్గుతుంది" అన్నాడు అచ్చుఖానా మేస్త్రీ. "అమ్మాయ్, నాలుగు ముక్కలు చదివి వినిపించు."

ఆయన కాగితాలు ఆమె వైపు తిప్పబోయాడు.

"అక్కర్లేదండీ, ఇలాగే చాలు" అంది.

మేస్త్రీ నవ్వాడు. "తిప్పకండి, తిప్పితేనే ఆమెకి కష్టం. తలకిందులుగా చదవడంలో దిట్టండీ. సీసం అక్షరాలు తలకిందులుగానే పేరుస్తాం, మా పనిలో అదే సరైన దిక్కు. అందుకే చూసిన రోజే తీసుకున్నా."

ఆమె బల్లకి అవతల నిలబడి, వేలు ఆనించి చదవసాగింది. ఎత్తూ పల్లం లేని గొంతు. ఆయన వేలుకేసి చూశాడు. ఎడమ నుంచి కుడికి పోతోంది. పై వరస నుంచి కింది వరసకి దిగుతోంది. లక్షణంగా ఉంది. ఆమె వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో అనిపించింది. అనిపించేసరికి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వైపు నుంచి అది కుడి నుంచి ఎడమకి పోతోంది. అడుగు నుంచి పైకి ఎక్కుతోంది. ఆ రోజు బళ్ళో ఆయన పిల్ల వెనక నిలబడ్డాడు. రెండడుగులు వేసి ముందుకి వచ్చి ఉంటే చాలు, వేలు సరిగ్గా అక్షరాల వెంటే పోతోందని కనబడేది.

ఆమె పుట చివరికి వచ్చి తలెత్తింది. "తర్వాతి పుట చదవనా అండీ?"

ఆయన చెయ్యి తనంతట తానే పుట తిప్పింది. ఆ పుటలో ఏముందో ఆయనకి తెలుసు. ఆమె అదే గొంతుతో చదివింది: "ఉదాహరణకు ఒక మారుమూల బడిలో ఒక బాలిక పుస్తకమును తలక్రిందుగా ఉంచి, వేలిని సైతం కుడి నుండి ఎడమకు నడుపుచు, చదివినట్లు నటించినది."

వేలు ఆ ఆఖరి మాట మీద ఆగింది.

"ఈ ముక్క అచ్చులో వెయ్యాలాండీ?"

"ఏం?"

"ఆ పిల్ల నటించలేదండీ. చదివింది."

మేస్త్రీ ఇద్దరి మొహాలూ చూసి, ఏదో పనున్నట్టు యంత్రం దగ్గరికి పోయాడు.

"మా బళ్ళో ముప్పై ఇద్దరికి ఎనిమిది పుస్తకాలండీ" అంది ఆమె. "నలుగురికొకటి. నేలమీద మధ్యన పెట్టి చుట్టూ కూర్చునేవాళ్ళం. ఎవరి చోటు వాళ్ళదే, మారితే పోట్లాట. నాకు తలవైపు వచ్చింది. మూడేళ్ళూ అటునుంచే నేర్చుకున్నా. మా తమ్ముడిది కుడిపక్క. వాడికి ఇప్పటికీ కాగితం అడ్డంగా పెట్టుకుంటేనే సుఖం."

"మరి ఆ రోజు ప్రతి ఒక్కరి ముందూ ఒక పుస్తకం ఉంది గదమ్మా!"

"అందులో ఇరవై నాలుగు రేవు అవతలి బడివండీ. అక్కడి పంతులమ్మ చాటుగా పంపింది, మీరు వచ్చి వెళ్ళేదాకా. పుస్తకాలు లేవని మీరు రాస్తే బడి చెడ్డదైపోతుందని మా పంతులమ్మకి భయం. తీరా మీరు మమ్మల్ని తప్పుపట్టాక, చెబితే పుస్తకాలిచ్చినావిడ ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది. చెప్పలేదు."

"నాకు చెప్పి ఉంటే ఇరవై నాలుగు పుస్తకాలు కావాలని రాసేవాణ్ణి. నా ఆఖరి గడి అందుకే..."

"మీరు అలాంటివారని మాకెలా తెలుస్తుందండీ? మా ఊళ్ళో అధికారి అంటే అధికారే."

ఆయన అడిగాడు: "తర్వాత నువ్వు చదువుకోలేదా?"

"ఆడపిల్లల్ని రేవు దాటించలేదండీ."

"పంతులమ్మ?"

"అక్కడే ఉంది. ఇప్పటికీ తన ఇంటి వసారాలో చెబుతోంది. పదకొండు మంది. కాని అది బడి కాదు గదండీ, ఎవరి లెక్కలోనూ లేదు. ఎంత చదివినా పై తరగతికి పోవడానికి బడి కాగితం ఎవరిస్తారు?"

ఆ మధ్యాహ్నం ఆయన తిన్నగా ఆఫీసుకి వెళ్ళి పాత కట్టలు తీయించాడు. హెడ్ గుమాస్తా దుమ్ము దులిపి నివేదిక తెరిచాడు. ఇద్దరిదీ పాతికేళ్ళ స్నేహం.

"ఇదేమిటండోయ్, మీ నివేదికలో ఆఖరి గడి ఖాళీయా! ఎవడో మీ సంతకం దొంగపెట్టాడు" అని నవ్వాడు.

"సంతకం నాదే" అన్నాడు ఆయన.

గుమాస్తా నవ్వు మధ్యలో ఆగిపోయింది. గడిలో అడ్డగీత పద్దెనిమిదేళ్ళకి కూడా వెలిసిపోలేదు. దాని మీద ఆ వేలు జరుగుతోంది.

పై అధికారి ఒకప్పుడు ఈయన కింద పని నేర్చుకున్నవాడే. "మాస్టారూ" అనే పిలుస్తాడు ఇప్పటికీ. విన్నంతసేపూ విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"మూసిన బడిని మళ్ళీ చూడాలంటే నియమం ఒకటే ఉంది మాస్టారూ. చూసిన అధికారే, నా నివేదిక తప్పు అని రాసివ్వాలి. తానే వెళ్ళి మళ్ళీ చూసి, ఉద్యోగంలో ఉండగా దాఖలు చెయ్యాలి. ముప్పై ఒకటి సాయంత్రం అయిదు దాటితే మీ సంతకానికి విలువ లేదు. ఆ నియమం పుట్టాక ఇంతవరకు ఒక్కరూ వాడుకోలేదు."

"నేను వాడుకుంటా."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నలభై మంది కొత్త అధికారులకి మీ పరీక్ష నేర్పబోతున్నాం. మీ మాట మీరే తప్పంటే, మీరు తప్పుపట్టిన పంతుళ్ళంతా రేపు నా గుమ్మం ముందు వరస కడతారు."

"కట్టనీ బాబూ. చెయ్యి కాలింది నాది కాదు, వాళ్ళది. ఆకులు మన దగ్గర ఉన్నాయి."

పై అధికారి కాగితం తీసి ముందు పెట్టాడు. ముప్పై రెండేళ్ళలో ఇతరుల తప్పులు రీములకొద్దీ రాసిన కలం, తన తప్పు రాయడానికి మూడు కాగితాలు పాడుచేసింది. నాలుగో దాని మీద నిలిచింది. 'ఈ నివేదిక తప్పు. తప్పు నాది.'

అనుమతి కాగితం బల్లనుంచి బల్లకి కదులుతూ ఉంది. ఈలోపు ఆయన అచ్చుఖానాకి పోయి ఆ ఉదాహరణ కొట్టేసి, దాని చోట కొత్త ముక్క ఇచ్చాడు. పిల్లలు మామూలు రోజున ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోబెట్టి చూడాలి. వెనక నిలబడి చూశాక ఎదుట కూడా నిలబడి చూడాలి. పంతుల్ని మాట్లాడనివ్వాలి. పిల్ల తర్వాతి పుట చదువుతానంటే చదవనివ్వాలి. ఇవి చెయ్యక ఒక బడిని మూయించినవాడు ఈ పుస్తకం రాసినవాడే.

ఆ అమ్మాయి ఆఖరి వాక్యం మీద వేలు ఆపింది. "ఈ ముక్క కూడా వెయ్యాలాండీ?"

"వెయ్యమ్మా."

ఆమె అరలోంచి అక్షరాలు ఏరుకోవడం మొదలుపెట్టింది. క్షమించానని అనలేదు. ఆయన అడగనూ లేదు.

పంతులమ్మకి రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు.

అనుమతి ఇరవై ఆరు, శనివారం సాయంత్రం చేతికొచ్చింది. అటు ఒకటిన్నర రోజు, ఇటు ఒకటిన్నర రోజు. ఆదివారం పొద్దున బయల్దేరితే సోమవారం సాయంత్రానికి చేరతాడు. బడి చూసేది మంగళవారం పొద్దున, సరిగ్గా సన్మానం రోజే. మధ్యాహ్నమే తిరిగి బయల్దేరితే బుధవారం రాత్రికి ఇల్లు, గురువారం ఆఫీసులో దాఖలు.

"మీరే లేకపోతే సన్మానం ఎవరికి చేస్తారు, మీ గొడుక్కా?" అంది భార్య, తోలుసంచీలో బట్టలు సర్దుతూ.

"గొడుగు నాతో వస్తుంది."

"అయితే ఖాళీ కుర్చీకి చేస్తారు. నేనెళ్ళి పక్కన కూర్చుంటాలెండి, కుర్చీకి కాస్త తోడుగా ఉంటుంది." ఆవిడ సంచీ ఎత్తబోయి ఎత్తలేక దించేసింది. "ఇదేమిటి, రాళ్ళు వేశారా?"

"పుస్తకాలు. ఇరవై నాలుగు."

"ఉన్నది పదకొండు మందని గదా చెప్పారు?"

"అప్పుడు రాయవలసిన అంకె ఇరవై నాలుగు."

ఆవిడ ఖాళీ నివేదిక కాగితం మడత పడకుండా పుస్తకాల మధ్య పెట్టింది. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

"పంతులమ్మ తలుపు వేసేసుకుంటే?" అన్నాడు ఆయన, నేలకేసి చూస్తూ. "నన్ను చూసి పిల్లలు నోరు మెదపకపోతే? ఒక్క పూటే ఉంది నాకు."

"నిలబడండి. ఆ మొదటి బళ్ళో కుర్చీ తీసేస్తే నాలుగు గంటలు నిలబడ్డానని మన పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతున్నారు. ఇంకోసారి నిలబడలేరా?"

ఆయన చిన్నగా నవ్వాడు. అయినా వేలు పోలేదు. గుమ్మం తలుపు మీద వెలుతురు పడ్డ చోట, చెక్క గీతల వెంట, కుడి నుంచి ఎడమకి నిదానంగా జరుగుతూనే ఉంది. ఈసారి ఆయన కళ్ళు తిప్పుకోలేదు. "చదువమ్మా" అన్నాడు పెదవుల్లో. "వస్తున్నా."

ఆ ఇంట్లో గుమ్మం పక్కన ఒక పలక వేలాడుతుంది. ఆయన ఏ ఊరికి పోయినా, పోయే చోటూ తిరిగివచ్చే రోజూ దాని మీద రాసి పోవడం అలవాటు. ముప్పై రెండేళ్ళలో రాసిన తేదీకి రాకపోవడం ఒక్కసారీ లేదు, ఎవరినైనా అడగండి. ఆయన పాత రాత తుడిచి, సుద్దముక్క తీసుకున్నాడు. పోయే చోటు అన్న దగ్గర, పద్దెనిమిదేళ్ళుగా ఏ లెక్కలోనూ లేనిదాన్ని 'బడి' అని రాశాడు. దాని కింద, భార్యకి కళ్ళద్దాలు లేకపోయినా కనబడేలా పెద్ద అక్షరాలతో రాశాడు: తిరిగి రాక, ఆగస్టు ముప్పై, బుధవారం.